రోజుకి నాలుగు తూటాలు

మన కాలేజీలో ఎవరినైనా ఆపి ఏకే-47 మ్యాగజీన్‌లో ఎన్ని రౌండ్లు పడతాయని అడగండి. ముప్ఫై అని టక్కున చెప్తారు. పబ్జీ ఆడేవాళ్లైతే ఏ గన్‌కి 5.56 పడుతుంది, దేనికి 7.62 పడుతుంది అని పది నిమిషాలు క్లాస్ పీకుతారు. అదే జనాన్ని అల్లూరి సీతారామరాజు దగ్గర ఎన్ని తుపాకులు ఉండేవని అడిగి చూడండి. నేను మా సెక్షన్‌లో ఓ పదిమందిని అడిగాను. ముగ్గురు "తుపాకులేంట్రా, విల్లు కదా" అన్నారు. ఒకడు "చాలా ఉంటాయి, సినిమాలో చూళ్లేదా" అన్నాడు. మిగతావాళ్లు ఫోన్ తీశారు.

మొదటి మూడు దాడుల్లో వాళ్లకి దొరికినవి 26. తూటాలు సుమారు 2500.

ఈ రెండు అంకెల మీదే ఈ వ్యాసం. మన వీరుల కథలు చెప్పుకునేటప్పుడు మనం లెక్కలు తీసేస్తాం. ఎన్ని తుపాకులు, ఎవరివి, తూటాలు అయిపోతే ఎక్కడి నుంచి వస్తాయి, అడవిలో వందమందికి బియ్యం ఎవరు పెట్టారు, ఇవన్నీ ఎగిరిపోయి కాషాయ బట్టలు, విల్లు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మిగులుతాయి. అలా చేస్తే వీరుడు పెద్దవాడు అవుతాడని మనం అనుకుంటాం. నాకైతే రివర్స్‌లో జరుగుతోందనిపిస్తుంది. లెక్క తీసేస్తే ఆ మనిషి చేసిన కష్టమైన పని ఏంటో కనబడదు, ఆయనతో పాటు ఆ కష్టం మోసినవాళ్లు అసలే కనబడరు.

జరిగింది చాలామందికి తెలిసిందే, కాబట్టి త్వరగా చెప్తాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8. రాజవొమ్మంగిలో అప్పటికే లాకప్‌లో ఉన్న వీరయ్యదొరని కూడా విడిపించారు. ఇందులో నాకు బాగా నచ్చిన డీటెయిల్ ఇంకోటి ఉంది. తీసుకెళ్లిన ఆయుధాలు ఇవీ అని స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడు. దొంగ ఎవడూ రసీదు ఇవ్వడు కదా. మన భాషలో చెప్పాలంటే సర్వర్‌లోకి దూరి, ఏ ఫైల్ తీసుకెళ్తున్నాడో వాళ్ల లాగ్‌లోనే ఎంట్రీ వేసి, కింద సొంత పేరు పెట్టి వెళ్లడం.

ఈ 26 సంఖ్య మనకి తెలియడానికి ఒక కారణం కూడా అదే. ఆ తుపాకుల లెక్క రెండు వైపులా పక్కాగా ఉంది.

ఇప్పుడు నాకు వచ్చిన పని, అంటే లెక్కలు చేద్దాం. 1922 ఆగస్టు 22 నుంచి, రాజుని కొయ్యూరులో చంపేసిన 1924 మే 7 దాకా 624 రోజులు. 2500 తూటాల్ని 624తో భాగిస్తే నాలుగు. రోజుకి నాలుగు తూటాలు. ఒక్కో తుపాకీకి కాదు, మొత్తం దళానికి. ఆ తర్వాత దాడుల్లో ఇంకొన్ని తుపాకులూ గుళ్లూ చేరాయనుకుందాం. నాలుగు కాస్తా ఐదు అవుతుంది, ఆరు అవుతుంది, అంతే. ఏకే-47 ఆగకుండా పేలిస్తే నిమిషానికి 600 రౌండ్ల దాకా వెళ్తుంది. అంటే రాజు దళం మొదటి మూడు దాడుల్లో తెచ్చుకున్న మందుగుండు మొత్తం మన గేమ్ గన్‌కి నాలుగు నిమిషాల పని.

ఈ లెక్క చూశాక సినిమా సీన్లు వేరేలా కనిపిస్తాయి. గాల్లోకి కాల్చి జనాన్ని ఉత్సాహపరిచే హీరోని చూస్తే "అయ్యో, ఇవాళ్టి కోటాలో పావు వంతు పోయింది" అనిపిస్తుంది. అలా కాల్చేవాడు మన్యంలో నెల రోజులు కూడా నిలబడేవాడు కాదు.

మా సైడ్, అంటే సైనిక్‌పురి నుంచి నేరేడ్‌మెట్ క్రాస్ రోడ్స్ దాకా, ప్రతి రెండో గల్లీలో ఒక రిటైర్డ్ ఫౌజీ అంకుల్ ఉంటారు. మా పక్కింటి సుబేదార్ అంకుల్‌ని ఈ విషయం అడిగితే ఆయన తుపాకుల గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రేంజ్‌లో ప్రాక్టీస్ అయ్యాక ఖాళీ కేసులు ఏరి లెక్క అప్పజెప్పడం గురించి అరగంట చెప్పారు. ఒకటి తగ్గితే గడ్డిలో అందరూ మోకాళ్ల మీద వెతకాల్సిందేనట. "బేటా, రైఫిల్ ఎవరిదైనా ఎత్తుకురావొచ్చు. గోలీ రోజూ ఎవడిస్తాడు?" అన్నారు.

ఈ ప్రశ్నకి కొంచెం టెక్నికల్ జవాబు ఉంది. పాతకాలం నాటు తుపాకీకి మందు ముందువైపు నుంచి కూరతారు. ఆ నల్లమందుకి కావలసింది సూరేకారం, బొగ్గు, గంధకం. దీపావళి మందు చేసే వాళ్లకి తెలిసిన సరుకే. ఇనుప ముక్కో సీసం ముక్కో వేసి కాల్చొచ్చు. నెమ్మదిగా పని చేస్తుంది, వానలో మొరాయిస్తుంది, గురి అంతంతమాత్రం. కానీ అది మన ఊళ్లో తయారవుతుంది. పోలీసు స్టేషన్లో దొరికే తుపాకీ అలా కాదు. దానికి తూటా కావాలి. ఇత్తడి గొట్టం, లోపల మందు, పైన గుండు, అడుగున చిన్న దెబ్బకే నిప్పు పుట్టించే టోపీ, నాలుగూ కరెక్ట్ సైజులో ఒకదానికొకటి అతికి ఉండాలి. దాన్ని ఫ్యాక్టరీలోనే చేస్తారు. అడవిలో కమ్మరి ఎంత గొప్పవాడైనా ఆ టోపీ చెయ్యలేడు. అంటే తుపాకీ హార్డ్‌వేర్, తూటా సబ్‌స్క్రిప్షన్. ఆ సబ్‌స్క్రిప్షన్ ఇచ్చేవాడు మీ శత్రువే. ప్రింటర్ కొనడం ఈజీ, ఇంక్ కార్ట్‌రిడ్జ్‌లు కొనలేక చస్తాం అని హాస్టల్లో అనుకుంటాం చూడండి, అదే కథ ప్రాణాల మీద నడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బ్రిటిష్ వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. 1857 తర్వాత వాళ్లు నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి ఇండియన్లకి లైసెన్స్ తప్పనిసరి చేశారు, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చుకున్నారు. కాబట్టి 1922లో మన్యంలో ఒక మనిషికి మంచి తుపాకులు కావాలంటే అవి దొరికే చోటు దాదాపు ఒకటే, పోలీస్ స్టేషన్. రాజు అక్కడికే వెళ్లాడు. ఇందులో ఆవేశం కంటే ఆలోచన ఎక్కువ ఉందని నా ఫీలింగ్.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఆ ఆలోచన ఎంత పదునో తెలిసింది. ఇరుకు దారి, పైన చెట్ల చాటున మాటు. ముందు నడుస్తున్న మన సిపాయిల్ని పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల్ని కాల్చారు. ఆ ఇద్దరూ అక్కడే చనిపోయారు. రోజుకి నాలుగు తూటాలు ఉన్నవాడు యుద్ధం చేసే పద్ధతి ఇదే. ఎవరిని కాల్చాలో కన్నా ఎవరిని కాల్చక్కర్లేదో ముందు డిసైడ్ చేసుకుంటాడు. మనవాళ్లని వదిలెయ్యడం అతని మనసు. అదే టైంలో అది పొదుపు కూడా. ఈ రెండోది చెప్తే మొదటిది తక్కువైపోతుందని కొందరికి భయం. నాకు అలా అనిపించదు.

కానీ గవర్నమెంటు కూడా చదువుకున్నదే కదా. అక్టోబరు 15న అడ్డతీగల మీదికి వెళ్లేసరికి స్టేషన్లో తుపాకులు లేవు, ముందే దాచేశారు. 19న రంపచోడవరంలోనూ అంతే. ఎందుకంటే రాజు వస్తున్నట్టు ముందే చెప్పి వెళ్లేవాడు. మిరపకాయ టపా అని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు, బాణానికి మిరపకాయా ఉత్తరమూ కట్టి పంపడం. చిన్నప్పుడు ఇది వింటే ఒళ్లు పులకరించేది, ఇప్పుడూ పులకరిస్తుంది. అయినా కూల్‌గా ఆలోచిస్తే ఆ చాలెంజ్ ఖరీదు ఎక్కువే. మొదటి మూడు స్టేషన్లూ చెప్పకుండా వెళ్తేనే 26 వచ్చాయి, చెప్పి వెళ్లాక ఆయుధాలు దొరకలేదు. జనంలో పేరు మాత్రం విపరీతంగా పెరిగింది. పేరు కోసం చేశాడని నేను అనట్లేదు. భయంతో బతికే ఊళ్లకి పట్టపగలు పోలీస్ స్టేషన్లోకి నడిచి వెళ్లే మనిషిని చూపించడం కూడా ఒక రకం ఆయుధమే, దానికి తూటా ఖర్చు లేదు. ఆయన ఆ లెక్క వేసుకునే చేశాడేమో. మన క్లబ్బులో దీని మీద డిబేట్ పెడితే నేను రెండు సైడ్లూ మాట్లాడగలను.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర మొదటి పెద్ద దెబ్బ తగిలింది. అప్పటికే మలబారు పోలీసుల్ని దింపారు. 1924 జనవరికి అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఎక్కడి మన్యం, ఎక్కడి అస్సాం. రాజు తల మీద పదివేల రూపాయలు పెట్టారు. మొత్తం ఈ తిరుగుబాటు అణచడానికి సుమారు 40 లక్షలు ఖర్చయిందని చరిత్ర పుస్తకాల్లో రాస్తారు. 26 తుపాకుల మీద.

ఇక్కడే నా అసలు కంప్లెయింట్ మొదలవుతుంది. తూటాలు రోజుకి నాలుగే అయితే ఆ 624 రోజుల్ని నడిపింది ఏంటి? బియ్యం. దారి చూపించినవాళ్లు. పోలీసు వచ్చి అడిగితే "మాకు తెలవదు దొరా" అని చెప్పి దెబ్బలు తిన్నవాళ్లు. పోడు వ్యవసాయం చేసుకునే కోయ, కొండదొర, బగత కుటుంబాలు. వాళ్లు ఊరికే ఎవరో సన్యాసి వచ్చి చెప్తే లేవలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో తాతల నాటి పోడు నేరమైపోయింది. దానికి ముందు 1879లోనే కల్లు మీద పన్ను వేస్తే రంప అంతా భగ్గుమంది. ఇరవైల్లో గూడెం తహసీల్దార్ బాస్టియన్ ఘాట్ రోడ్డు పని సరైన కూలి ఇవ్వకుండా చేయించాడు. ఆ రోడ్డు వేసింది కూడా కొండ మీదికి సర్కారు బళ్లు ఎక్కడానికే. తమని పట్టుకోవడానికి వచ్చే దారి తామే తవ్వడం అంటే ఏంటో ఆలోచించండి.

గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర. ఈ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? గంటందొర ముఠాదారు, అంటే కొన్ని ఊళ్లకి పెద్ద. ఆ మాటమీద ఊళ్లు కదుల్తాయి. రాజు చనిపోయిన మరుసటి నెల, జూన్‌లో, గంటందొరని కూడా కాల్చేశారు. సినిమాల్లో ఇలాంటివాళ్లు హీరో వెనక వరసలో నిలబడి "జై" అంటారు. నిజంలో సప్లై చెయిన్ మొత్తం వాళ్లే. చివర్లో గవర్నమెంటు గెలిచింది కూడా రాజు కంటే మెరుగ్గా గురిపెట్టి కాదు. ఊళ్లని ఒత్తి, అన్నం పెట్టే చేతుల్ని భయపెట్టి గెలిచింది. తనకి సాయం చేసినందుకు కొండవాళ్లు పడుతున్న బాధ చూడలేకే రాజు చివరికి బయటికి వచ్చాడని చెప్తారు. అది నిజంగా ఆయన మనసులో ఎలా జరిగిందో గానీ, ఆ బాధ మాత్రం కథ కాదు.

ఒక అభ్యంతరం నాకు తెలుసు. మా ఫ్రెండ్ ఒకడు డ్రాఫ్ట్ చదివి "ఒరేయ్, స్వాతంత్ర్య సమరయోధుడికి ఎక్సెల్ షీట్ వేస్తావా" అన్నాడు. దేవుడిలా చూసుకునే మనిషి గురించి సరుకుల లిస్టు రాయడం అమర్యాదలా ఉంటుందని వాడి బాధ. వాడిది భీమవరం సైడ్, 2022 జులై 4న అక్కడ 30 అడుగుల విగ్రహం ఆవిష్కరణ జరిగినప్పుడు వాళ్ల ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చారు. నేను ఆ ప్రేమని తక్కువ చెయ్యను. కానీ ఎక్సెల్ షీట్ ముందు వేసింది రాజే. స్టేషన్ రికార్డులో అంకెలు రాసి సంతకం పెట్టింది ఆయన. అంకెలంటే ఆయనకి లేని ఇబ్బంది మనకెందుకు?

ఇంకోటి. మనం తుపాకీని మంత్రదండంలా చూపిస్తే మన జూనియర్లు ఏం నేర్చుకుంటారు? గన్ ఉంటే చాలు అన్యాయం పారిపోతుందని. ఇన్‌స్టాలో గన్ పట్టుకుని రీల్స్ చేసే బ్యాచ్ మీకూ తెలుసు. చరిత్రలో తుపాకీ ఎప్పుడూ ఒంటరిగా లేదు. దాని వెనక ఫ్యాక్టరీ, ఖజానా, రోడ్డు, జీతం ఉంటాయి. అవి ఎవరి చేతిలో ఉంటే తుపాకీ చివరికి వాళ్లదే.

దీనికి ఉదాహరణ కావాలంటే మన్యం దాకా వెళ్లక్కర్లేదు. మనం కూర్చున్న సికింద్రాబాదే ఉంది. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని స్టాప్ ఉంది కదా, చూసే ఉంటారు. తోప్ కా సాంచా, అంటే ఫిరంగులు పోతపోసిన చోటు. దాన్ని నడిపించింది రేమండ్ అనే ఫ్రెంచివాడు, నిజాం అలీఖాన్ దగ్గర సేనాని. జనం ఆయన్ని మూసా రామ్ చేసేసుకున్నారు, మూసారాంబాగ్ ఆ పేరే. ఆయన కింద ఫ్రెంచి పద్ధతిలో శిక్షణ పొందిన సుమారు 14 వేలమంది సిపాయిలు. సొంత ఫిరంగులు, సొంత ఫౌండ్రీ. రాజు దళానికి లేనిదల్లా వీళ్లకి ఉంది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరు 22న ఆ మొత్తం సైన్యం ఆయుధాలు కింద పెట్టేసింది, దాదాపు నెత్తురు చుక్క లేకుండా. ఎలా? జీతం బకాయిలు. డబ్బు రాక సిపాయిలు ముందురోజే సొంత ఆఫీసర్ల మీద తిరగబడ్డారు. ఇంగ్లీషు రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్‌కి చుట్టుముట్టి బేరం ఆడటమే మిగిలింది. ఫౌండ్రీ ఉన్నవాళ్లు కూడా పే స్లిప్ దగ్గర ఓడిపోయారన్నమాట.

ఆ ఒప్పందం కింద వచ్చిన ఇంగ్లీషు పటాలాలు హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన దిగాయి. 1806లో ఆ చోటుకి సికందర్ జా పేరు పెట్టారు. కంటోన్మెంటు, తిరుమలగిరి, బొల్లారం, ఆర్మీ గోడల పక్కన మన నేరేడ్‌మెట్, అన్నీ ఆ కథ తాలూకు కొమ్మలే. రోజూ ఆర్మీ గేటు దగ్గర ఆగి ట్రాఫిక్‌ని తిట్టుకుంటాం. ఆ గోడ ఎందుకు అక్కడుందంటే ఒకరి తుపాకులు కింద పెట్టించి ఇంకొకరి తుపాకులు వచ్చి కూర్చున్నందుకు.

మరో నూటయాభై ఏళ్లకి అదే నిజాం రాజ్యంలో లెక్క మళ్లీ తిరగబడింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పుడు ఊళ్ల చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు, కారప్పొడి. వడిసెల అంటే తెలియనివాళ్లకి, పొలంలో పిట్టల్ని తోలడానికి రాయి పెట్టి తిప్పి విసిరేది. తర్వాత దళాలు గడీల నుంచీ పోలీసుల నుంచీ తుపాకులు లాక్కున్నాయి, చింతపల్లి పద్ధతే. ఎదుటివాళ్ల సప్లై మాత్రం ఆకాశం నుంచి వచ్చింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి హైదరాబాద్‌కి రాత్రిపూట ఆయుధాలు మోశాడు. మన పక్క నుంచి వెళ్లే ట్రైనింగ్ విమానాల శబ్దం వింటే నాకు ఈ మనిషే గుర్తొస్తాడు. సెప్టెంబరు 13న ఇండియన్ ఆర్మీ కదిలింది, 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదురికి లొంగిపోయాడు, మోసిన ఆయుధాలు నిజాంని కాపాడలేదు.

కాటన్‌కి ఏమైంది? లండన్ కోర్టు 200 పౌండ్లు ఫైన్ వేసింది. ఫైన్ కట్టాడు, బతికాడు. 26 తుపాకులు తీసుకుని రసీదు రాసిచ్చినవాణ్ణి పట్టుకుని కోర్టు గుమ్మం కూడా చూపించకుండా కొయ్యూరులో చెట్టుకి కట్టేసి కాల్చారు. రెండూ వేర్వేరు కాలాలు, వేర్వేరు సందర్భాలు అని నాకూ తెలుసు. అయినా ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకుని చూడకుండా ఉండలేకపోయాను.

అవుట్‌లా అనే ఇంగ్లీషు మాట మనకి రాబిన్‌హుడ్ వల్లో, రెడ్ డెడ్ రిడెంప్షన్ వల్లో చాలా స్టైల్‌గా వినిపిస్తుంది. మన్యం రికార్డుల్లో దానికి దగ్గర మాట పితూరీ. రంప పితూరీ, గూడెం పితూరీ అని రాసుకున్నారు తెల్లదొరలు. ఇంట్లో అమ్మమ్మ "పితూరీలు చెప్పకు" అంటుంది కదా, ఆ మాటే. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు ఈ కనెక్షన్ దొరికినప్పుడు భలే అనిపించింది. ఒక జనం ప్రాణాలకి తెగించి "మా అడవి మాది" అంటే సర్కారుకి అది ఫిర్యాదులాగా, గొడవలాగా వినబడిందన్నమాట. ఆ మాట ఇప్పుడు చిన్నపిల్లల చాడీల దాకా అరిగిపోయింది.

మల్లుదొర సంగతి చెప్పాను కదా. 1923లో పట్టుబడ్డాడు, ఏళ్ల తరబడి శిక్ష అనుభవించాడు. 1952లో మన దేశానికి మొదటి ఎన్నికలు వచ్చాయి. విశాఖపట్నం నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు గాం మల్లుదొర. పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసిన దళంలో మనిషి, చట్టాలు చేసే చోట. ఈ సీన్ మీద సినిమా ఎందుకు లేదో నాకు అర్థం కాదు. బహుశా ఇందులో ఎవరూ కాల్చరు కాబట్టేమో.

జులై 4 వస్తోంది. అల్లూరి పుట్టినరోజూ అదే, కొమరయ్య పోయిన రోజూ అదే. ఏటా మన ఆడిటోరియంలో కాషాయం పంచె, ప్లాస్టిక్ విల్లు, స్పీకర్లో పాట, అయిపోయింది. ఈసారి క్లబ్బు స్కిట్ స్క్రిప్టు ఇంకా ఫైనల్ కాలేదని ప్రెసిడెంట్ అక్క గ్రూపులో పెట్టింది. నా ప్రపోజల్ ఇది. విల్లు వద్దు. స్టేజి మీద ఒక టేబుల్, ఒక రిజిస్టర్, ఒక లాంతరు. ఒకడు తుపాకులు లెక్కపెడుతుంటాడు, ఒకడు రాస్తుంటాడు, తలుపు దగ్గర ఒక ఆవిడ బియ్యం మూట దించి ఎన్ని రోజులకి సరిపోతుందని అడుగుతుంది. రెండో సీన్ 1952, అదే మనుషుల్లో ఒకడు ఓటు అడగడానికి అదే ఊరికి వస్తాడు. రిజిస్టర్ సీన్ నేను రాస్తాను. మల్లుదొర వేషానికి ముసలి గొంతు పెట్టగలిగేవాళ్లు, బియ్యం మూట మొయ్యగలిగేవాళ్లు ఉంటే శుక్రవారం లోపు మెసేజ్ చెయ్యండి. మూట నిజందే తెస్తాం, 25 కేజీలు.